తలుపు పిడి మీద ఏముంది?

మన ఉచిత వైద్యశాలకు ఏటా విరాళమిచ్చే పెద్దాయన ఒకరు ఈమధ్య సెల్‌ఫోనులో ఒక వీడియో చూపించారు. బస్సులో నిలబడి పట్టుకునే రాడ్డును దూదిపుల్లతో తుడిచి, దాన్ని గాజుపళ్లెంలో రాసి మూతపెట్టారు. రెండు రోజులకు పళ్లెం నిండా పసుపు, తెలుపు చుక్కలు! "మన వైద్యశాల తలుపు పిడి కూడా ఇంతే కదా భాయ్? మందు చల్లే యంత్రం ఒకటి కొనండి, ఖర్చు నేను పెట్టుకుంటాను" అన్నారు.

ఇచ్చే చేతికి జవాబు చెప్పవలసిన బాధ్యత మాది. ఆ డబ్బుతో రోగం తగ్గుతుందా లేదా చెప్పాలంటే, ముందు ఆ పళ్లెం ఏం చెబుతుందో, ఏం చెప్పదో తెలియాలి.

పళ్లెంలో గడ్డకట్టి ఉండేది అగార్, సముద్రపు నాచు నుంచి తీసే పదార్థం. పూర్వం జిలాటిన్ వాడేవారు, వేడి తగిలితే అది కరిగిపోయేది. జర్మనీలో రాబర్ట్ కాక్ దగ్గర పనిచేసిన వాల్టర్ హెస్సే భార్య ఫానీ హెస్సే, తన వంటింట్లో జెల్లీలకు వాడే అగార్‌ను 1881లో సూచించారు. నేటికీ ప్రయోగశాలలన్నీ ఆ వంటింటి చిట్కా మీదే నడుస్తున్నాయి.

ఒక్క బ్యాక్టీరియా ఆ మేత మీద పడి, 37 డిగ్రీల వెచ్చదనం దొరికితే (మన ఎండాకాలంలో అందుకు వేరే పెట్టె కూడా అక్కర్లేదు) రెండు నాలుగై, నాలుగు ఎనిమిదై పెరుగుతుంది. ఇ. కోలి అనే రకానికి రెట్టింపు కావడానికి సుమారు 20 నిమిషాలు చాలు. తెల్లవారేసరికి కోట్లయి, కంటికి చుక్కలా కనిపిస్తుంది. కాబట్టి పళ్లెంలో 50 చుక్కలుంటే రాడ్డు మీద నుంచి వచ్చినవి 50 బ్యాక్టీరియాలో, 50 చిన్న గుంపులో. కోట్లను మనమే మేపి పెంచాం. వాటిలో ఎక్కువ భాగం మన చర్మం మీద ఎప్పుడూ ఉండేవే, ఆరోగ్యవంతులకు హాని చేయనివే. మరోపక్క, ఆ మేత గిట్టని బ్యాక్టీరియా ఎన్నో అసలు మొలకెత్తవు. వైరస్‌లైతే అందులో పెరగనే పెరగవు. అంటే పళ్లెం భయపెట్టవలసిన దానికంటే ఎక్కువ భయపెడుతుంది, చూపించవలసిన దాన్ని కొంత దాచేస్తుంది.

పిల్లల చేత ఈ పరీక్ష చేయించే ఉపాధ్యాయులకు ఒక మాట. ఎక్కడా తుడవని శుభ్రమైన పుల్లను రాసిన పళ్లెం ఒకటి పక్కన తప్పక ఉంచండి. అందులోనూ చుక్కలు వస్తే తప్పు మన చేతిదే. మూతకు టేపు వేశాక మళ్లీ తెరవనివ్వకండి.

ఇంతకంటే పెద్ద పరీక్ష న్యూయార్క్‌లో జరిగింది. అక్కడి భూగర్భ రైలు స్టేషన్లు 466 తిరిగి బెంచీలు, గేట్లు, రాడ్లు తుడిచి, దొరికిన డీఎన్‌ఏను చదివారు. 2015 ఫిబ్రవరిలో ఫలితాలు వచ్చాయి. దాదాపు సగం డీఎన్‌ఏ అప్పటికి తెలిసిన ఏ జీవితోనూ సరిపోలలేదు. ప్లేగు, ఆంత్రాక్స్ క్రిముల డీఎన్‌ఏ జాడలు కూడా ఉన్నాయని రాయడంతో పత్రికలు గగ్గోలు పెట్టాయి. నగర ఆరోగ్యశాఖ అభ్యంతరం చెప్పింది. ఒక క్రిమి డీఎన్‌ఏ ముక్క దాని దగ్గరి చుట్టానికి కూడా ఉండవచ్చు, అది చచ్చిన క్రిమిది కూడా కావచ్చు. చివరికి ఆ ఏడాదిలోనే పరిశోధకులు తమ వ్యాసాన్ని సవరించి, ఆ రోగక్రిములు ఉన్నట్టు ఆధారం లేదని ఒప్పుకున్నారు. పొరపాటును అచ్చులో దిద్దుకున్నందుకు వారిని మెచ్చుకోవాలి. అయితే భయం చేరినంత దూరం దిద్దుబాటు చేరలేదు.

పెద్దాయనకు మేము చూపించింది మాత్రం లండన్ పరీక్ష. అది చాలా చిన్నది, 2011లో అచ్చయింది. 20 మంది చేత బహిరంగ స్థలాల్లోని తలుపు పిడులు, రెయిలింగులు కావాలనే ముట్టించారు. తర్వాత కొన్నిసార్లు చేతులు కడగనివ్వలేదు, కొన్నిసార్లు ఉత్తనీళ్లతో, కొన్నిసార్లు సబ్బుతో కడిగించారు. మొత్తం 480 నమూనాలు. మలం నుంచి వచ్చి ఉండగల బ్యాక్టీరియా కడగని చేతుల్లో 44 శాతం సార్లు కనిపించింది. ఉత్తనీళ్లతో కడిగితే 23 శాతం. సబ్బుతో కడిగితే 8 శాతం. అది క్రిమిసంహారక సబ్బు కూడా కాదు, మామూలు సబ్బే.

తలుపు పిడి తనంతట తాను ఎవరి నోట్లోకీ వెళ్లదు, మధ్యలో చెయ్యి ఉంది. పొద్దున మందు చల్లినా, మరు నిమిషం వచ్చే రోగి దాన్ని మళ్లీ ముట్టుకుంటాడు. రక్తం, వాంతి పడినచోట, కట్లు కట్టే బల్ల మీద బ్లీచింగ్ ద్రావణంతో తుడవాల్సిందే, అందులో రాజీ లేదు. మిగతా చోట్ల రోజూ సబ్బునీళ్లతో తుడిస్తే చాలు.

"అయితే నా డబ్బు సబ్బులకా?" అని పెద్దాయన కాస్త నిరుత్సాహపడ్డారు. యంత్రమైతే దాని మీద పేరు రాయించవచ్చు, సబ్బు మీద ఏం రాస్తాం? చివరకు మరుగుదొడ్ల పక్కన రెండు కుళాయిలు, పిల్లలకు అందే ఎత్తులో ఒక తొట్టి, ఏడాదికి సరిపడా సబ్బులు ఆయన ఖర్చుతో వచ్చాయి.

ఒక చిక్కు మిగిలింది. సబ్బులు మాయమవుతున్నాయి. వలసంచిలో వేసి కుళాయికి కట్టినా వారం నిలవడం లేదు. వాటిని ఎవరో ఇంటికి తీసుకెళ్తున్నారు. బిళ్ల పూర్తిగా పెట్టకుండా ముక్కలు కోసి పెట్టమని ఆయాకు చెప్పాం గానీ, తీసుకెళ్లినవారిని పట్టుకోమని చెప్పలేదు. ఈసారి పద్దులో సబ్బుల ఖర్చు పెరిగినట్టు కనిపిస్తే కారణం అదే.