పెద్దమ్మ సంతకం

ఆగస్టు 15 వచ్చింది. బడి దగ్గర జెండా ఎగరేశారు. పిల్లలకు చాక్లెట్లు పంచారు. తర్వాత పంచాయతీ ఆఫీసు దగ్గర గ్రామసభ పెట్టారు.

సభకు వచ్చినవాళ్లు రిజిస్టరులో సంతకం చేయాలి. పెద్దమ్మ వంతు వచ్చింది. ఆమె రాత్రి బడిలో కొత్తగా చదువు నేర్చుకుంది. అయినా చెయ్యి ముందుకు రాలేదు.

"మా ఆయన పేరు రాసి, భార్య అని పెట్టు నాయనా. జెండా పండగకు నా పేరుతో పనేముంది?" అన్నది.

పక్కనే వార్డు మెంబరు ఉంది. ఆమె ఇలా చెప్పింది:

"పనుంది పెద్దమ్మా. తెల్లదొరల పాలనలో అందరికీ ఓటు లేదు. ఆస్తి, పన్ను, చదువు చూసి కొందరికే ఇచ్చేవాళ్లు. 1947 ఆగస్టు 15న మనకు స్వతంత్రం వచ్చింది. 1950 జనవరి 26న రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. ఆడ మగ, బీద గొప్ప తేడా లేదు. 21 ఏళ్లు నిండిన అందరికీ ఓటు ఇచ్చారు. 1989లో దాన్ని 18 ఏళ్లు చేశారు.

మొదటి ఎన్నికలు 1951-52లో జరిగాయి. అంతకుముందు ఓటర్ల జాబితా రాశారు. ఉత్తరాదిన చాలామంది ఆడవాళ్లు తమ పేరు చెప్పలేదు. పరాయివాళ్లకు పేరు చెప్పకూడదని అక్కడి ఆచారం. 'ఫలానా వారి భార్యను', 'ఫలానా వారి తల్లిని' అన్నారు. పేరు లేకపోతే ఓటు ఎవరిదని తెలుస్తుంది? అలాంటివాళ్లను జాబితాలోంచి కొట్టేశారు. సుమారు 28 లక్షల మందికి ఆ ఎన్నికల్లో ఓటు లేకుండా పోయింది. దేశానికి స్వతంత్రం వచ్చింది. వాళ్ల చేతికి మాత్రం ఓటు రాలేదు."

పెద్దమ్మ కాసేపు మాట్లాడలేదు. "28 లక్షల మందే!" అన్నది. పెన్ను తీసుకుంది. ఒక్కో అక్షరం పలుకుతూ తన పేరు రాసింది.

సభ మొదలయింది. పెద్దమ్మ లేచి నిలబడింది.

"మా వీధి కుళాయికి నీళ్లు రావడం లేదు. ఎప్పుడు బాగుచేస్తారు?" అని అడిగింది.

సర్పంచి ఆ మాట పుస్తకంలో రాయించాడు. 'ఫలానా వారి భార్య అడిగింది' అని రాయలేదు. పెద్దమ్మ పేరే రాశారు.

జెండా పండగ ఏడాదికి ఒక్క రోజే. మన ఓటు, మన ప్రశ్న ఏడాది పొడుగునా ఉంటాయి. వాటిని వాడుకుంటేనే స్వతంత్రం మనది అవుతుంది.

ఆలోచించండి, చెప్పండి:

1. 28 లక్షల మందికి ఓటు ఎందుకు పోయింది?
2. ఓటర్ల జాబితాలో మీ పేరు సరిగ్గా ఉందా? మీరే చదివి చూడండి.
3. వచ్చే గ్రామసభలో మీరు ఏమి అడుగుతారు?

రాయండి:

నా పేరు ....................