వంటగట్టు రాయి, నిమ్మచెక్క



పండుగ దగ్గర పడితే మన ఇళ్లలో మొదట శుభ్రం చేసేది వంటగది. ఒకప్పుడు మట్టి పొయ్యి, పేడతో అలికిన నేల. ఇప్పుడు కొల్లేటి లంక గ్రామాల్లో కూడా గ్యాసు పొయ్యి, దాని కింద రాతి గట్టు. ఆ గట్టును తోమడానికి ఇరుగుపొరుగు చెప్పే సలహా ఒకటే: "నిమ్మచెక్కతో రుద్దండి, తళతళలాడుతుంది." రాగి, ఇత్తడి సామానుకు ఆ మాట నిజమే. రాతికి మాత్రం కాదు.

ఎందుకు కాదు? వస్తువు స్వభావాన్ని బట్టే దాని చర్య ఉంటుందని గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చెప్పేటప్పుడు మొదట్లోనే నేర్పుతారు. పునీత తోమాసు అక్వినాస్ గారి ఆలోచన అంతా ఆ పునాది మీద నడుస్తుంది. వంటగదిలో కూడా అది పనికొచ్చే పాఠమే. ఏలూరులోగాని, తాడేపల్లిగూడెంలోగాని ఇల్లు కట్టుకునేటప్పుడు నల్లగా కనబడిన ప్రతి రాయీ గ్రానైటే అనుకుంటారు కొందరు. కడప రాయి నల్లనిదే, కాని అది సున్నపురాయి జాతి. బేతంచెర్ల బండ, తాండూరు బండ కూడా అంతే. పాలరాయి కూడా సున్నపురాయి నుండి పుట్టినదే. పులుపు తగిలితే సున్నం కరుగుతుంది. మన చేపల పులుసే చూడండి. చింతపండు రసం గట్టు మీద చింది రాత్రంతా ఉండిపోతే, తెల్లవారేసరికి అక్కడ కాంతి తగ్గిన మచ్చ కనిపిస్తుంది. అది మరక కాదు, రాయి తరిగిన చోటు. ఎంత తోమినా పోదు. రాతికి పాలిష్ పట్టేవారే దాన్ని సరిచేయాలి.

గ్రానైటు వేరు. అది భూగర్భంలో కరిగిన శిల చల్లారి గట్టిపడినది. నిమ్మరసానికి వెంటనే లొంగదు. అయినా రోజూ పులుపుతో తోమితే దాని పైపూత, మెరుపు పాడవుతాయి.

మీ రాయి ఏదో తెలియకపోతే, ఎవరికీ కనబడని మూల ఒక చుక్క నిమ్మరసం వేసి కొన్ని నిమిషాలాగి తుడవండి. అక్కడ మెరుపు తగ్గితే అది సున్నపు జాతి.

ఇక ఇంట్లో చేసుకునే మందు. అరలీటరు గోరువెచ్చని నీటిలో గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు పావు చెంచా కలపండి, చాలు. ఎక్కువ వేస్తే నురగ ఎండి జిడ్డు పొరలా నిలుస్తుంది. మెత్తటి గుడ్డతో తుడిచి, మంచినీటి గుడ్డతో మరోసారి తుడిచి, పొడిగుడ్డతో తడి ఆర్చండి. ఈ చివరి పనిని చాలామంది వదిలేస్తారు. మన కొల్లేటి ప్రాంతంలో బోరునీళ్లు ఉప్పన. తడి అలాగే ఆరితే తెల్లమచ్చలు తేలతాయి. నూనె మరక పీల్చుకుంటే, వంటసోడాను నీటితో చిక్కగా కలిపి మరక మీద పట్టించి, పాలిథిన్ కాగితం కప్పి ఒక రోజు ఉంచండి. సోడా నూనెను లాగుతుంది. ఒక్కసారికి పోకపోతే మళ్లీ వేయాలి. స్టీలు పీచు, ఇటుక పొడి వద్దు, గీతలు పడతాయి. సోడాలో వెనిగరు కలిపి పొంగించడం చూడటానికి బాగుంటుంది కాని, ఒకదాని బలాన్ని ఒకటి చంపేసి ఉప్పునీరు వంటిదే మిగులుతుంది.

గుడిలో కూడా ఇదే సంగతి. స్థిరమైన బలిపీఠం పైబల్ల ఒకే సహజశిలతో ఉండాలన్నది శ్రీసభ సంప్రదాయం. శ్రీసభ చట్టం 1236వ నియమం ఆ మాటే చెబుతుంది. మన గుళ్లలో చాలాచోట్ల అది పాలరాయి. ద్రాక్షారసం కూడా పుల్లనిదే. దివ్యరక్తం ఒలికితే ఆ చోటును నీటితో కడిగి, ఆ నీటిని నేరుగా భూమిలోకి పోయే తొట్టిలో పోయాలని పూజావిధి నిర్దేశిస్తుంది. అది భక్తి కోసం పెట్టిన నియమం, రాతికి కూడా అదే క్షేమం. కొవ్వొత్తి మైనం కారితే మంచుముక్కతో గట్టిపరచి చెక్కపుల్లతో లేపండి, చాకు వాడకండి.

పండుగ ముందురోజు గుడి కడిగే తల్లులకు, యువతకు మరో మాట. నేల తెల్లబడాలని కొందరు మరుగుదొడ్డి యాసిడ్ పోస్తారు. సున్నపుబండలు దానితో బుసబుస పొంగి గరుకుదేలతాయి. అంతకన్నా ప్రమాదం, దాని మీద బ్లీచింగ్ పౌడరు చల్లడం. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర వద్ద సైనికుల మీదికి వదిలినది ఆ వాయువే. తలుపులు మూసిన స్నానాలగదిలో కొద్దిపాటి చాలు, ఊపిరి ఆడదు. రెండూ ఒకే రోజు, ఒకే బకెట్టులో, ఒకే నేల మీద వాడకండి. పొరపాటున కలిస్తే, అక్కడే నిలబడి నీళ్లు కొట్టే ప్రయత్నం చేయకుండా అందరినీ బయటి గాలిలోకి తీసుకురండి. దగ్గు, ఆయాసం తగ్గకపోతే 108కి ఫోను చేయండి.