తల్లిని జూచి పిల్లను: ఫెరెట్టు పెంపకమును గూర్చి యొక పాఠము

గడచిన వేసవిలో గోల్నాకయందలి మన విద్యార్థి యొకని యింటికి ఒక క్రొత్త జంతువు వచ్చెను. జానెడు పొడవు, సన్నని దేహము, కురచ కాళ్లు, ముసుగు వేసినట్లు నల్లచార గల ముఖము. అమ్మినవాడు దానిని "సీమ ముంగిస" యని చెప్పెనట. ఇంటివారు శాకాహారులు, పాలును పెరుగన్నమును ప్రేమతో పెట్టిరి. పంజరమును రేకుల వసారాలో నుంచిరి. తొమ్మిదవ దినమున అది చనిపోయెను. ఆ బాలుడు మా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, మేము దానికేమి తక్కువ చేసితిమి?" అని యడిగెను. "ప్రేమ తక్కువ కాలేదు నాయనా, తెలివిడి తక్కువయ్యెను" అని యప్పటికి చెప్పి పంపితిమి. ఆ జవాబు వానికిని చాలలేదు, మాకును చాలలేదు. కావున ఆ సంగతిని విచారించి, తెలిసినంతవఱకు ఇచట వ్రాయుచున్నాము.

ఆ జంతువు పేరు ఫెరెట్టు. అది ముంగిస కాదు. మన పొలములయందు పాముతో పోరాడు ముంగిస వేఱొక కుటుంబమునకు చెందినది. ఫెరెట్టు మన నదులలో చేపలను వేటాడు నీరుకుక్కకు దూరపు చుట్టము. ఐరోపా ఖండమందలి పోల్‌క్యాట్ అను అడవిజంతువును మనుష్యులు మచ్చిక చేసి, రెండువేల యేండ్లకు పైగా పెంచుచు వచ్చిరి. బొరియలలో దాగిన కుందేళ్లను వెలికి తోలుటయే దాని పని. అనగా ఇది అడవినుండి పట్టి తెచ్చునది కాదు. పశువువలె, పెంపుడు కుక్కవలె, మనుష్యుని చేతిలో తరతరములు పుట్టి పెరిగినది.

ఈ భేదము వట్టి మాటల పట్టింపు కాదు. ముంగిసను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము కాపాడుచున్నది. దానిని పట్టి అమ్ముట నేరము. ఫెరెట్టును "సీమ ముంగిస" యని చెప్పి అమ్మువానికి తాను అమ్మునదేదో తెలియకుండవలెను, లేక తెలిసియు దాచుచుండవలెను. ఏది నిజమైనను అట్టివానియొద్ద ప్రాణిని కొనరాదు.

ఇక దాని పుట్టుకను జూతము. తల్లి సుమారు 42 దినములు గర్భము మోయును. ఒక్క యీతలో ఎనిమిది పిల్లలు పుట్టుట సాధారణము. పుట్టినప్పుడు ఒక్కొక్కటి పది గ్రాములకు మించి తూగదు. దానికి చూపు లేదు, వినికిడి లేదు. నాలుగైదు వారములకు గాని కన్నులు విచ్చవు. ఆఱవ వారమునుండి ఎనిమిదవ వారము లోపల పాలు మాని మాంసమునకు అలవాటు పడును. ఈ వారములలో అది తోబుట్టువులతో పెనగులాడుచు, ఎంత గట్టిగా కఱచిన ఎదుటిది నొచ్చుకొనునో నేర్చుకొనును. ఎనిమిది వారములు నిండకమునుపే తల్లినుండి వేఱుచేసిన పిల్లకు ఈ చదువు లేదు. అది పెద్దదైన తరువాత మన చేతిని కఱచినచో తప్పు పిల్లది కాదు, తొందరపడి అమ్మినవానిది.

పెంపకము ఎంత బాధ్యతతో గూడినదో తెలిపెడి సంగతి మఱొకటి కలదు. వసంతమున పగళ్లు పెరుగునప్పుడు ఆడు ఫెరెట్టు ఎదకు వచ్చును. జత కలియనిచో ఆ యెద నెలల తరబడి నిలుచును. అప్పుడు దేహములో హెచ్చిన ఎస్ట్రోజన్ అను హార్మోను ఎముకల మూలుగను చెఱుపును. మూలుగ చెడినచో క్రొత్త రక్తము పుట్టదు. జంతువు పాలిపోయి మరణించును. కావున ఈనింప దలచని ఆడుజంతువులకు పశువైద్యునిచే తగిన చికిత్స చేయించి తీరవలెను. ఈ సంగతి యెఱుగనివాడు పెంపకందారుడు కాడు, బేరగాడు మాత్రమే.

మంచి పెంపకమన నేమో తెలియుటకు మనము దూరము పోనక్కఱలేదు. గోల్నాకనుండి అంబర్‌పేట మీదుగా ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమును దాటినచో తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ కనబడును. అది 1918లో, మన విశ్వవిద్యాలయము పుట్టిన సంవత్సరముననే, కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో మన నగరమునకు తరలివచ్చెను. ప్రయోగములకు వలయు జంతువులను గూర్చి బొంబాయిలో 1957లో ఏర్పడిన శాఖ 1976లో ఈ సంస్థకు చేరి, 1998లో జాతీయ ప్రయోగజంతు విజ్ఞాన కేంద్రమను పేరు పొందెను. అచట పెంచినవి ఫెరెట్టులు కావు. ఎలుకలు, చిట్టెలుకలు, కుందేళ్లు, గినీ పందులు, హామ్‌స్టర్లు. అయినను చిన్న జంతువుల పెంపకమునకు సూత్రము ఒక్కటియే. ఏ పిల్లకు ఏ తల్లి, ఏ తండ్రి, ఏ దినమున ఈనినది, ఎన్ని బ్రతికినవి అనునదంతయు వ్రాతలో నుండవలెను.

ఆ వ్రాత విలువ యెంతటిదో వినుడు. కూనూరునుండి తెచ్చిన ఎలుకల వంశములో, 1990ల దశకమున, మితిమీరి లావెక్కిన ఎలుకలు కనబడెను. వంశక్రమము శ్రద్ధగా నిలిపియున్నందున శాస్త్రజ్ఞులు ఆ లక్షణమును పట్టుకొని, స్థూలకాయమును మధుమేహమును పరిశోధించుటకు పనికివచ్చు రెండు క్రొత్త శాఖలను స్థిరపఱచిరి. పుస్తకము లేనిచో అవి "బాగుగా తిన్న ఎలుకలు" అనిపించుకొని పోయెడివి.

ఫెరెట్టు చరిత్రలోను ఇట్టి నిదర్శనము కలదు. 1933లో లండనునందు విల్సన్ స్మిత్, ఆండ్రూస్, లెయిడ్‌లా అను ముగ్గురు శాస్త్రజ్ఞులు ఫ్లూ జ్వరము గలవారి గొంతు కడిగిన నీటిని ఫెరెట్టుల ముక్కులలో వేసిరి. అవి తుమ్మి జ్వరపడెను. మనుష్యుల ఫ్లూ జ్వరమునకు కారణము వైరసు అని ఆ విధముగ తేలెను. కాని ఆ ఫెరెట్టులు ముందే రోగము గలవైనచో ఆ తుమ్ములకు అర్థమేమి యుండును? కఠినమైన కట్టుబాటుతో, ఇతర జంతువులకు దూరముగ నుంచిన ఆరోగ్యవంతమైన జంతువులగుటచేతనే అవి చెప్పిన సాక్ష్యము చెల్లెను. మనకు జలుబు చేసినప్పుడు ఫెరెట్టును ఎత్తుకొనరాదనియు దీనివలన నేర్చుకొనవచ్చును.

ఫ్లూకంటె భయంకరమైనది కుక్కలకు వచ్చు డిస్టెంపర్ అను వ్యాధి. అది సోకిన ఫెరెట్టు బ్రతుకుట మిక్కిలి అరుదు. అమెరికాలో నల్లకాళ్ల ఫెరెట్టు అను అడవిజాతి నశించెనని తలచుచుండగా 1981లో వయోమింగ్ రాష్ట్రమున మరల కనబడెను. 1985లో ఈ వ్యాధియే దానిపై పడెను. 1987 నాటికి మిగిలినవి 18 మాత్రమే. వానిని పట్టి, దగ్గఱి చుట్టములు జతపడకుండ వంశావళి వ్రాసి పెంచి, మరల అడవులలో విడిచిరి. వీధికుక్కలు తిరుగు మన పేటలలో టీకా వేయని ఫెరెట్టు గతి యేమగునో మీరే యూహింపుడు.

ఇప్పుడు, పిల్లను కొనబోవువాడు అడుగవలసిన ప్రశ్నలను క్రమముగా చెప్పెదము.

1. తల్లిని చూపగలరా? "పాడిని జూచి బఱ్ఱెను, తల్లిని జూచి పిల్లను" అని మన పెద్దల మాట. తల్లి బక్కచిక్కి, బెదరి, మూల దాగినచో పిల్ల ముద్దుగా నున్నను మరలి పొండు.

2. పుట్టిన తేది యేది? ఎనిమిది వారములు నిండినవా? వ్రాత చూపగలరా?

3. టీకా వేయించితిరా? డిస్టెంపర్ టీకా మొదటిది ఎనిమిదవ వారమునను, తరువాతివి రెండు మూడేసి వారముల యెడముననువేయుదురు. మూడు నెలలు నిండిన పిమ్మట పిచ్చికుక్కకాటు వ్యాధికి టీకా వేయవలెను. పశువైద్యుడు వ్రాసిన చీటి లేని టీకా, వేయని టీకాయే.

4. తల్లిదండ్రులు చుట్టములా? తల్లి యెన్ని యీతలు ఈనెను? ఈతకును ఈతకును విశ్రాంతి యిచ్చితిరా?

5. మేము పెంచలేకపోయినచో మరల తీసికొందురా? మంచి పెంపకందారుడు ఔననును. అంతేకాదు, అతడే మిమ్ము ప్రశ్నించును: ఇల్లెట్టిది, వేసవిలో ఎచట నుంచెదరు, ఏమి పెట్టెదరు అని. ఏమియు నడుగక పైకము మాత్రము లెక్కపెట్టువాని యొద్ద జాగ్రత్త.

6. ఇది దుకాణమైనచో, 2018 నాటి పెంపుడు జంతువుల దుకాణముల నిబంధనల ప్రకారము రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు చేయించితిరా?

తరువాత పిల్లను చేతబట్టి చూడవలెను. కన్నులు నిర్మలముగ నుండవలెను, ముక్కు కాఱరాదు, చెవులలో నల్లని మడ్డి యున్నచో పురుగు పట్టినదని గుర్తు. వెండ్రుకలు దట్టముగ నుండవలెను. తోకక్రింద శుభ్రముగ నుండవలెను. ఫెరెట్టు దినమునకు పదునాలుగు గంటలకు తక్కువ కాకుండ నిద్రించును. కావున నిద్రించుచున్న పిల్ల రోగి యని తలపరాదు, లేపిన తరువాత చుఱుకుగ నున్నదో లేదో చూడవలెను. వెనుకనుండి చప్పట్లు కొట్టి చూడుడు. తలపై తెల్లని చార గలవానిలో పుట్టుచెవుడు తఱచుగ నుండును. ఆ చార యందముగ నుండుటచేత, కొందఱు దానికొఱకే ఈనింతురు. అందమునకై చెవిటివానిని పుట్టించుట న్యాయమా?

కడపట అన్నిటికంటె పెద్ద ప్రశ్న మనలను మనము వేసికొనవలసినది. ఫెరెట్టు కేవలము మాంసాహారి. దాని ప్రేగు పొట్టిది. తిన్నది మూడు నాలుగు గంటలలో వెలికి పోవును. అన్నమును పాలును దానికి తిండి కావు. అది చల్లని దేశపు జంతువు. చెమటచే దేహమును చల్లార్చుకొనజాలదు. ముప్పది డిగ్రీల వేడియే దానికి అపాయము. మన నగరములో మే నెల యెండ నలువదికి చేరును. మాంసము తేని యింట, చల్లని గది లేని యింట, ఐదు మొదలు ఎనిమిదేండ్ల వఱకు ఒక ప్రాణి భారమును మోయలేని యింట, మంచి పెంపకందారుని మంచి పిల్లయు బ్రతుకదు.

మా విద్యార్థి ఈ ప్రశ్నలన్నిటిని పుస్తకములో వ్రాసికొని, తండ్రిగారిని వెంటబెట్టుకొని, వేఱొక అమ్మకందారుని యొద్దకు పోయెను. ఆరింటిలో రెండింటికే జవాబు దొరికెనట. వాడు వట్టి చేతులతో తిరిగి వచ్చి మాతో, "అయ్యగారూ, ఆ మనిషిని అడుగకమునుపే మా వసారాను తలచుకొని నాకు జవాబు తెలిసినది" అనెను.

బాలబాలికలారా, ప్రాణిని ప్రేమించువాడు ముందుగా దానిని గూర్చి తెలిసికొనును. తెలిసికొన్న పిమ్మట ఒకప్పుడు ఇంటికి తెచ్చుకొనును, ఒకప్పుడు తెచ్చుకొనకుండ విడుచును. రెండవదియు ప్రేమయే.