నోట్లో తెల్లపూత... ఏఆర్‌టీ పనిచేయడం లేదా?

ప్రశ్న: నా వయసు 38. ఆరేళ్లుగా హెచ్‌ఐవీకి ఏఆర్‌టీ మందులు వాడుతున్నాను. నెల రోజులుగా నాలుక మీద, బుగ్గల లోపల పెరుగు తరకల్లా తెల్లగా పేరుకుంటోంది. కారం తగిలితే నోరు భగ్గుమంటోంది. జబ్బు ముదిరిందేమోనని భయంగా ఉంది. పుచ్చిన పన్ను కూడా ఒకటి తీయించుకోవాలి. ఓ క్లినిక్‌లో నా సంగతి చెబితే ‘ఇక్కడ కుదరదు’ అన్నారు. ఇకపై చెప్పకుండా వెళ్లనా?
– పేరు, ఊరు రాయవద్దన్న ఓ పాఠకురాలు

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి ఇది క్యాండిడా అనే ఫంగస్ వల్ల వచ్చిన పూతలా ఉంది. ఈ ఫంగస్ చాలామంది నోట్లో మామూలుగానే ఉంటుంది. షుగర్ ఉన్నవారికి, ఆస్తమాకు ఇన్‌హేలర్ వాడేవారికి, కట్టుడు పళ్లవారికి కూడా ఇలా పూత వస్తుంది. కాబట్టి జబ్బు ముదిరిందని ఇప్పుడే అనుకోకండి. అలాగని వదిలేయనూ వద్దు. రోగనిరోధక శక్తినిచ్చే సీడీ4 కణాలు 200 కంటే తగ్గినప్పుడు ఈ పూత ఎక్కువగా కనిపిస్తుంది. ఏఆర్‌టీ సెంటర్‌కు వెళ్లి వైరల్ లోడ్, సీడీ4, వాటితో పాటు షుగర్ పరీక్ష కూడా అడగండి.

ఈమధ్య ఏఆర్‌టీ మాత్రలు మానేశారా? గ్యాస్ మందు గానీ, కాల్షియం, ఐరన్ మాత్రలు గానీ వాడుతున్నారా? ఇది ఎవరూ అడగరు, మీరూ చెప్పరు. ఇప్పుడు మన సెంటర్లలో ఎక్కువమందికి ఇస్తున్న మాత్రలో డోలుటెగ్రావిర్ ఉంటుంది. యాంటాసిడ్, కాల్షియం, ఐరన్ దాన్ని ఒంటికి సరిగా పట్టనివ్వవు. ఏఆర్‌టీ మాత్ర వేసుకున్న రెండు గంటల తర్వాతే వీటిని వేసుకోవాలి. వీటినే ముందు వేసుకుంటే ఏఆర్‌టీ మాత్రకు ఆరు గంటలు ఆగాలి. కాల్షియం, ఐరన్ అయితే అన్నం తింటూ ఏఆర్‌టీ మాత్రతో కలిపి వేసుకోవచ్చు. యాంటాసిడ్‌కు ఆ వీలు లేదు.

పూతకు క్లోట్రిమజోల్ మౌత్ పెయింట్, లేదంటే ఫ్లూకోనజోల్ మాత్రలు సాధారణంగా ఒకటి రెండు వారాలు ఇస్తారు. తెలుపు పోగానే ఆపేయకండి. గర్భవతి అయితే ముందే చెప్పాలి. మింగుతుంటే నొప్పి పుడితే ఫంగస్ అన్నవాహికలోకి దిగిందని అనుమానించాలి, ఆ రోజే డాక్టర్‌ను కలవండి.

గుడ్డతో తుడిస్తే క్యాండిడా పూత ఊడి, కింద ఎర్రగా కనిపిస్తుంది. నాలుక అంచున చారలుగా ఉండి ఊడకపోతే అది వేరే వైరస్ తెచ్చే మచ్చ కావచ్చు. చుట్ట, ఖైనీ, గుట్కా అలవాటుంటే ఊడని తెల్లమచ్చను తప్పకుండా చూపించాలి. అది క్యాన్సర్‌కు ముందు దశ కావచ్చు.

ఇక పన్ను సంగతి. మిమ్మల్ని తిప్పి పంపడం తప్పు, డాక్టరుగా నాకది చాలా బాధగా ఉంది. హెచ్‌ఐవీ ఉందని వైద్యం నిరాకరించడాన్ని 2017 నాటి చట్టం నిషేధించింది. అది 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. చెప్పమని మిమ్మల్ని ఎవరూ బలవంతపెట్టకూడదు. అయినా చెప్పమనే నా సలహా, మీ మందులు తెలిస్తేనే డాక్టర్ సరైన మందు రాయగలరు. గ్లౌజులు మార్చడం, పరికరాలు స్టెరిలైజ్ చేయడం అందరికీ ఒకేలా జరగాల్సిన పనులే. ఏఆర్‌టీ సెంటర్ కౌన్సెలర్‌తో చీటీ రాయించుకుని హైదరాబాద్, విజయవాడ, కడపల్లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీల్లో దగ్గరి దానికి వెళ్లండి. సాయానికి 1097కి ఫోన్ చేయవచ్చు, డబ్బు పడదు.

ఇంట్లో కంచం, గ్లాసు వేరు పెట్టుకోనక్కర్లేదు. చిగుళ్ల నుంచి రక్తం రావచ్చు కనుక బ్రష్ మాత్రం ఎవరిది వారిదే. పూత తగ్గాక పన్ను తీయించుకుంటే హాయిగా ఉంటుంది. దవడ వాచినా, జ్వరం వచ్చినా అంతవరకు ఆగవద్దు.