ల్యాప్‌టాప్ మూత నిలబడటం లేదా?

ప్రశ్న: మా అమ్మాయి ల్యాప్‌టాప్ తెర నిలబడకుండా వెనక్కి వాలిపోతోంది. మూసేటప్పుడు ఎడమ మూల కిర్రుమంటూ పైకి లేస్తోంది. తెర మొత్తం మార్చాలంటున్నారు. తప్పదా?
– ఒక పాఠకురాలు, మొగుళ్లపల్లి

జవాబు: బొమ్మ సరిగా వస్తుంటే తెర మార్చక్కర్లేదమ్మా. మూల పైకి లేస్తోందంటే చెడింది తెర కాదు, మూతను కింది భాగానికి కలిపే హింజ్ పట్టు. హింజ్ ఇనుముదే అయినా, దాని స్క్రూలు దిగేది ప్లాస్టిక్‌లో పొదిగిన చిన్న ఇత్తడి నట్లలోకి. దుమ్ము పట్టి హింజ్ బిగుసుకుంటే, మూత తెరిచిన ప్రతిసారీ ఆ బలమంతా నట్ల మీద పడి, అవి ఊడొస్తాయి. ముందుగా చేయాల్సింది ఒక్కటే: మూత తెరవడం, మూయడం ఆపేయండి. హింజ్ పక్కనుంచే తెర కేబుల్ వెళ్తుంది. అది తెగితే ఖర్చు పెరుగుతుంది.

స్క్రూలు వదులైతే బిగిస్తే చాలు. నట్లు ఊడితే కింది మూత విప్పి, బ్యాటరీ కనెక్టర్ తీసి, నట్లను వాటి చోట కూర్చోబెట్టి, చుట్టూ ఆరల్డైట్ లాంటి రెండు ట్యూబుల జిగురు పెట్టి 24 గంటలు ఆరనివ్వాలి. ఫెవిక్విక్ మాత్రం వద్దు. పెళుసుగా ఆరి మళ్లీ విరుగుతుంది, హింజ్‌లోకి కారితే అసలు కదలదు. బిగుసుకున్న హింజ్ ఇరుసు మీది నట్టును కాస్త వదులు చేయకుండా అతికిస్తే శ్రమంతా వృథా. ఈ పని అలవాటున్న మెకానిక్‌తో, పరకాలలోనో హనుమకొండలోనో, మీ ఎదుటే చేయించండి. వారంటీ ఉంటే మాత్రం విప్పనివ్వకండి, నేరుగా కంపెనీ సర్వీస్ సెంటర్‌కే తీసుకెళ్లండి.

ఇకపై మూతను మూల పట్టుకుని కాకుండా, నడిమధ్య పట్టుకుని తెరవమని అమ్మాయికి చెప్పండి.