పాదపు వెలుపలి యెముక

ఆటస్థలమున పాదము లోపలికి మడతపడినప్పుడు “బెణికినది, కాపడము పెట్టిన చాలు” నని మనమందుము. తరచుగా అది బెణుకే. కాని మడమకును చిటికెన వ్రేలికిని నడుమ, పాదపు వెలుపలి యంచున నొక బొడిపె వ్రేలికి తగులును. నొప్పి యచ్చట నున్నచో నది బెణుకు కాకపోవచ్చును. ఆ బొడిపె అయిదవ ప్రపాదాస్థి యొక్క మూలము.

లివర్‌పూలు నగరమున రాబర్ట్ జోన్స్ అను ఎముకల వైద్యుడుండెను. ఆయన నృత్యము చేయుచు, మడమ పైకి లేచియుండగా, పాదపు వెలుపలి యంచుపై మోపెను. కండరమును ఎముకకు బంధించు స్నాయువు తెగినదని మొదట అనుమానించెను. ఎక్స్-రే చిత్రమున ఎముకయే విరిగినట్లు కనబడెను. ఏ బరువును మీద పడకయే ఎముక విరుగుట వింతగా తోచి, ఆయన తన యనుభవమును, మరికొందరు రోగుల వృత్తాంతమును 1902లో ప్రకటించెను. ఎముకల వైద్యునికే స్పర్శచే తెలియనిది ఇరుగుపొరుగువారికి తెలియునా?

ఈ చిన్న భాగముననే విరుగుటలో భేదములు గలవు. పాదము మడతపడగా, బొడిపెకు అంటియున్న బంధనములు దాని కొనను లాగివేయుట ఒకటి. గట్టి అడుగుగల పాదరక్ష తొడిగి, నొప్పి ఓర్చుకొనగలిగినంత నడచుచుండినను, ఇది సాధారణముగా ఆరు మొదలు ఎనిమిది వారములలో అతుకును. రెండవది కొంచెము ముందు, నాలుగవ ప్రపాదాస్థి ప్రక్కన ఆనుకొనుచోట విరుగుట. జోన్స్ పేరు దీనికే నిలిచినది. ఎముక మూలమునకు వచ్చు రక్తమును, నడిమి కాండమునకు వచ్చు రక్తమును ఇచ్చటికి చాలినంత చేరవు. రెండు కాలువల చివరనున్న పొలము వంటిదిది. కావున కాలు మోపక వారముల తరబడి పిండికట్టుతో నుండవలెను. అప్పటికిని అతుకనిచో శస్త్రచికిత్స చేసి మర బిగింతురు. నిత్యము పరుగెత్తు క్రీడాకారులకు దెబ్బ లేకయే, ఇంకను ముందుభాగమున, క్రమముగా పగులు కలుగుటయు గలదు.

ఒట్టావా నగర వైద్యులు 1992లో ప్రకటించిన నియమములు సులభములు. పాదము నడుమ నొప్పి యుండి, ఆ బొడిపెను నొక్కినప్పుడు బాధ కలిగినను, నాలుగడుగులు వేయలేకపోయినను, ఎక్స్-రే తీయింపవలెను. అంతవరకు ఆ పాదమును లాగుటయు, నూనె మర్దించుటయు కూడదని మేము గట్టిగా చెప్పుచున్నాము.

మీ యీడువారి విషయమున మరియొక చిక్కు గలదు. సుమారు తొమ్మిది మొదలు పదునాలుగేండ్ల వరకు, ఆ బొడిపె యొద్ద ఎదుగుచున్న మృదులాస్థి ఎక్స్-రేలో పగులువలె కనబడును. అయితే అది ఎముక పొడవు వెంబడి సాగును. విరుగుట వలని గీటు సాధారణముగా అడ్డముగా నుండును.