విజిట్ వీసా మీద పనికి పోతే

వీసా కాగితం చేతికి రాగానే అందరూ అడిగేది జీతం ఎన్ని దిర్హామ్‌లని. అంతకంటే ముందు అది ఏ రకం వీసానో చూడండి. చదవరాకపోతే ఇంట్లో పిల్లలతో చదివించుకోండి. ‘టూరిస్ట్’ అనో ‘విజిట్’ అనో ఉంటే అది చుట్టపుచూపుకు పోయే కాగితం. దాని మీద దుబాయ్‌లో ఒక్క పూట పనిచేసినా అక్కడి చట్టం ప్రకారం తప్పే.

“ఇప్పుడు విజిట్ మీద పో, దిగినాక వర్క్ వీసా కొట్టిస్తా” అంటాడు ఏజెంట్. జగిత్యాల, నిజామాబాద్, కడప పల్లెల్లో ఈ మాట కొత్తది కాదు. దాని వెనక ఉన్న లెక్క తెలియాలి. పదో తరగతి పాస్ కానివాళ్ళకు సాధారణంగా వచ్చేది ఈసీఆర్ పాస్‌పోర్ట్. దాంతో గల్ఫ్ సహా 18 దేశాలకు పనికి వెళ్ళాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి. 1983 వలస చట్టం పెట్టిన కట్టడి ఇది. కంపెనీ, పని, జీతం ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్‌లో నమోదైతేనే ఆ అనుమతి వస్తుంది. టూరిస్టుకు ఇదేమీ అక్కర్లేదు. చూపించడానికి అసలు కంపెనీయే లేని ఏజెంట్‌కు అంతకంటే సులువైన దొడ్డిదారి ఏముంటుంది?

ఆ దారిన పోయినవాడి గతి చూడండి. విజిట్ వీసా గడువు 30 రోజులో, 60 రోజులో. దాటితే యూఏఈలో రోజుకు 50 దిర్హామ్‌ల జరిమానా. జీతం ఎగ్గొడితే చూపించడానికి ఒప్పంద పత్రం ఉండదు. గడువు దాటాక మనవాళ్ళ భాషలో ‘కల్లివెల్లి’ అయినట్టే: పోలీసు కనిపిస్తే సందు పట్టాలి, జ్వరమొచ్చినా ఆస్పత్రికి పోవాలంటే భయం. నన్ను ఎక్కువగా కలచివేసేది ఇంకొకటి. అనుమతితో వెళ్ళే ఈసీఆర్ కార్మికుడికి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. ప్రమాదంలో చనిపోతే ఇంటికి 10 లక్షలు. రెండేళ్ళకు ప్రీమియం 275 రూపాయలే. విజిట్ మీద పోయి పరంజా మీంచి పడిపోయినవాడి ఇంటికి ఆ ఆసరా కూడా లేదు.

యూఏఈలో విజిట్ మీద పోయి, మంచి కంపెనీ దొరికి, అక్కడే వీసా మార్చుకున్నవాళ్ళూ ఉన్నారు, కాదనను. కానీ పర్మిట్ వచ్చేదాకా పనిలో దిగకూడదు. అన్నాళ్ళూ అద్దెకూ తిండికీ చేతిలో డబ్బుండాలి. వడ్డీకి అప్పు తెచ్చి పోయేవాళ్ళకు అది నప్పదు.

ఏజెంట్ లైసెన్స్ నంబర్ అడిగి, ఈ-మైగ్రేట్‌లో చూసుకోండి. సబ్ ఏజెంట్‌నంటే దండం పెట్టి వచ్చేయండి. చట్టంలో అలాంటివాళ్ళకు చోటు లేదు. లైసెన్స్ ఉన్నవాడు తీసుకోదగ్గ ఫీజు 30,000 రూపాయలకు మించకూడదు, పైన జీఎస్టీ. బ్యాంకు ద్వారానే కట్టి రసీదు తీసుకోండి. తెలంగాణవాళ్ళు ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ను కూడా అడగొచ్చు.

నిజంగానే కొడుకు దగ్గరికి చూడటానికి పోతుంటే ఇంత బెంగ అక్కర్లేదు. పాస్‌పోర్ట్‌కు ఇంకా ఆరు నెలల గడువు, తిరుగు టికెట్, కొడుకు ఇంటి చిరునామా, ఖర్చులకు డబ్బు చూసుకుంటే చాలు.

పనికి పోయేవాళ్ళు మాత్రం శంషాబాద్ బండెక్కే ముందు పాస్‌పోర్ట్, వీసా, ఒప్పందం, రసీదు ఫొటోలు తీసి ఇంట్లోవాళ్ళ ఫోన్‌కు పంపండి.